గ్రిప్పు ఉంది కదా అంటే సరిపోదు: ఫ్యామిలీ ఎస్‌యూవీకి టైర్లు మార్చేటప్పుడు ఏం చూడాలి?

ఇవాళ కొత్త ఫోన్ గురించి కాదు, కొత్త కారు గురించి కూడా కాదు. పాత కారుకి కొత్త టైర్ల గురించి మాట్లాడుకుందాం. "టైర్లలో ఏముంది బ్రో, షాప్‌కి వెళ్తే వాళ్లే వేసేస్తారు కదా" అని మీకు అనిపించొచ్చు. పోయిన ఆగస్టు దాకా నాకూ అలాగే అనిపించేది. ముందే ఒక మాట చెప్పేస్తా, ఇది ఏ కంపెనీ డబ్బులిచ్చి చేయించిన వీడియో కాదు. ఏ బ్రాండ్ కొనాలో కూడా నేను చెప్పను. ఎలా చూసి కొనాలో చెప్తా.

మొదట ఆగస్టులో ఏం జరిగిందో చెప్తాను.

హైదరాబాద్ నుంచి ఖమ్మం వెళ్తున్నాం. మా నాన్న కారు, 2017 క్రెటా. నేను డ్రైవింగ్, పక్కన నాన్న, వెనక అమ్మ, అక్క, అక్క కొడుకు. వాడికి రెండున్నరేళ్లు. డిక్కీ నిండా సామాను. నకిరేకల్ దాటాక వాన మొదలైంది. మామూలు వాన కాదు, వైపర్ ఫుల్ స్పీడ్‌లో పెట్టినా అద్దం కనబడట్లేదు. నేను 80 దగ్గర ఉన్నా. ఆ వానకి 80 ఎక్కువే, ఒప్పుకుంటా. ఒక చోట రోడ్డు కొంచెం దిగుతూ వంపు తిరుగుతుంది. ముందు లారీ బ్రేక్ లైట్లు వెలిగాయి. నేనూ బ్రేక్ మీద కాలేశా.

ముందు చక్రాలు బాగానే పట్టుకున్నాయి. కారు వెనక భాగం మాత్రం పక్కకి వెళ్లిపోయింది. ఐస్ మీద పెట్టినట్టు. ఒక్క క్షణం నాకు ముందు అద్దంలో రోడ్డు కాదు, డివైడర్ కనిపించింది. బ్రేక్ వదిలేశా, స్టీరింగ్ ఎటు తిప్పానో కూడా గుర్తు లేదు, కారు అటూ ఇటూ ఊగి మళ్లీ లైన్‌లోకి వచ్చింది. మొత్తం రెండు మూడు సెకన్లు. కారులో ఎవ్వరూ మాట్లాడలేదు. మా మేనల్లుడు మాత్రం ఇదేదో ఆట అనుకున్నాడు. "మళ్లీ, మళ్లీ" అన్నాడు.

టీ కొట్టు దగ్గర ఆపాం. నాన్న దిగి, వానలోనే వంగి వెనక టైర్లు చూశాడు. వేలు పెట్టి గాట్లు తడిమాడు. "గ్రిప్పు బానే ఉంది కదరా. రోడ్డు జారింది, అంతే" అన్నాడు.

మా నాన్న సంగతి మీకు చెప్పాలి. ఆర్టీసీ డిపో గ్యారేజ్‌లో పని చేసి రిటైర్ అయ్యాడు, అందులో ఎక్కువ కాలం టైర్ సెక్షన్‌లోనే. అంటే టైర్ల విషయంలో నాన్నకి నేను చెప్పడం అంటే కొంచెం... మీకు అర్థమైందిగా. నేను బీటెక్ చదివి కోడ్ రాసినవాణ్ని. కానీ ఒకటి ఆలోచించండి. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే "సర్వర్ మూడ్ బాలేదు" అని వదిలేస్తామా? లాగ్స్ చూస్తాం. రోడ్డు జారింది, సరే. మరి ముందు టైర్లు ఎందుకు జారలేదు? అదే రోడ్డు, అదే వాన.

మర్నాడు పొద్దున్నే లాగ్స్ చూశా. అంటే టైర్లు చూశా.

టైర్ పుట్టిన తేదీ

ప్రతి టైర్ పక్క గోడ మీద, సైడ్‌వాల్ అంటాం కదా, అక్కడ డాట్ అని మొదలయ్యే ఒక పొడుగు కోడ్ ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మా కారు వెనక టైర్ల మీద 2317 అని ఉంది. అంటే 2017లో 23వ వారం, జూన్‌లో తయారైనవి. ఒక వైపు మీకు నాలుగు అంకెలు కనబడకపోతే కంగారు పడకండి, కొన్ని టైర్లకి పూర్తి కోడ్ ఒక వైపే ఉంటుంది, రెండో వైపు చూడాలి.

ముందు టైర్లు 2021వి. అప్పట్లో ముందువి అరిగిపోతే నాన్న రెండు మార్పించాడు. వెనకవి కారుతో పాటు వచ్చినవే. ఎనిమిదేళ్లవి.

గ్రిప్పు కొలిచా. ట్రెడ్ డెప్త్ గేజ్ అని చిన్న పరికరం, పెద్ద ఖరీదేం కాదు. ముందు టైర్లలో నాలుగున్నర మిల్లీమీటర్లు, వెనక టైర్లలో మూడు. మన చట్టం ప్రకారం కారు టైర్‌కి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గేజ్ లేకపోయినా గాట్ల లోపల అడ్డంగా చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి చూడండి, వాటిని టీడబ్ల్యూఐ అంటారు. గ్రిప్పు అరిగి ఆ దిమ్మెలతో సమానం అయిందంటే 1.6కి వచ్చేసినట్టే. మరి మావి మూడు ఉన్నాయి కాబట్టి చట్టప్రకారం పాస్. నాన్న చెప్పింది అబద్ధం కాదు. గ్రిప్పు ఉంది.

కానీ గోరు పెట్టి నొక్కితే ముందు టైర్ కొంచెం మెత్తగా లోపలికి వెళ్లింది. వెనక టైర్ ప్లాస్టిక్ లాగా ఉంది. గాట్ల అడుగున వెంట్రుకంత సన్నని పగుళ్లు. గాలి చూస్తే కారు డోర్ దగ్గర స్టిక్కర్ మీద 33 పీఎస్‌ఐ అని ఉంటే, వెనక రెండిట్లో 26 ఉంది.

ఇప్పుడు అసలు విషయం. టైర్ రెండు రకాలుగా చస్తుంది. ఒకటి అరిగి, రెండోది ముసలిదై. రబ్బర్‌కి ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ తగిలీ తగిలీ గట్టిపడిపోతుంది. గట్టిపడిన రబ్బర్ రోడ్డు మీద ఉన్న చిన్న చిన్న గరుకుల్లోకి ఒదగలేదు. ఎండలో పొడి రోడ్డు మీద మీకు తేడా తెలీదు. తడి రోడ్డు మీద బ్రేక్ కొట్టినప్పుడు తెలుస్తుంది. ఇంకో విచిత్రం ఏంటంటే, కారు ఎక్కువ కాలం నడపకుండా ఉంచితే టైర్ బాగుంటుంది అనుకుంటాం. రబ్బర్లో ఒక రకం మైనం కలుపుతారు. టైర్ తిరిగి, వంగి, కదిలితేనే ఆ మైనం పైకి వచ్చి పగుళ్లు రాకుండా కాపాడుతుంది. నిలబెట్టేసిన కారుకి ఆ రక్షణ సరిగ్గా అందదు.

ఇదంతా నాన్నకి చెప్తే ఆయన నవ్వాడు. "ఒరేయ్, మా డిపోలో టైర్లు అరిగితే రీట్రేడ్ చేసి మళ్లీ తిప్పేవాళ్లం. పగుళ్లు చూసుకుంటూ కూర్చుంటే బస్సులు నడుస్తాయా?"

మంచి ప్రశ్న. నేను ఒక లెక్క అడిగా. "నాన్నా, మీ బస్సు రోజుకి ఎంత తిరిగేది?" "ఎక్స్‌ప్రెస్ అయితే నాలుగొందలు." "మన కారు?" ఎనిమిదేళ్లలో 54 వేలు. అంటే ఏడాదికి దాదాపు ఏడు వేలు. ఆయనే లెక్క వేసుకున్నాడు. మా కారు ఏడాదంతా తిరిగే దూరం బస్సు 18 రోజుల్లో తిరిగేస్తుంది. బస్సు టైర్‌కి ముసలితనం వచ్చే టైమే ఉండదు, ముందు అరిగిపోతుంది. మన ఇంటి కారు టైర్ అరగకముందే ముసలిదైపోతుంది. అందుకే "గ్రిప్పు ఉంది కదా" అనే మాట బస్సుకి సరిపోతుంది, ఇంటి కారుకి సరిపోదు.

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పోనీ, స్టెప్నీ కొత్తదే ఉంది కదా, అది ఒకటి వేసి, ఇంకోటి కొందాం" అన్నాడు. డిక్కీ తెరిచి స్టెప్నీ చూశాం. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా రోడ్డు మీద పెట్టలేదు. రబ్బర్ మొలకలు కూడా అలాగే ఉన్నాయి. కోడ్ చూస్తే 2317. చూడ్డానికి కొత్త పెళ్లికొడుకే, వయసు మాత్రం మిగతా వాటితో సమానం.

మరి ఎన్నేళ్లు? చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లు దాటితే మార్చమని చెప్తాయి. టైర్ కంపెనీల్లో కొన్ని, ఐదేళ్లు దాటాక ప్రతి ఏడాదీ తెలిసినవాళ్లతో చెక్ చేయించుకోవాలి, పదేళ్లకి ఎలా ఉన్నా తీసేయాలి, స్టెప్నీతో సహా, అంటాయి. మన ఎండలు చూస్తే నేను ఆరేళ్ల మాటే పట్టుకుంటా.

ఒక ఉదాహరణ మీ అందరికీ తెలిసిన మనిషిదే. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ పాల్ వాకర్. 2013 నవంబర్ 30న, స్నేహితుడు నడుపుతున్న పోర్షే కరేరా జీటీలో వెళ్తూ చనిపోయాడు. అతి వేగమే కారణం అని దర్యాప్తులో తేలింది. దాంతో పాటు ఇంకో మాట కూడా చెప్పారు. ఆ టైర్లు తొమ్మిదేళ్ల నాటివి, వాటి వయసు వల్ల కారు పట్టు తగ్గి ఉండొచ్చు అని. అంత ఖరీదైన కారు, తక్కువ తిరిగిన కారు. తక్కువ తిరిగింది కాబట్టే టైర్లు అన్నేళ్లు ఉండిపోయాయి.

కొత్తవి ముందు వెయ్యాలా, వెనక వెయ్యాలా?

మా కారులో జరిగిన రెండో తప్పు ఇది. 2021లో రెండు కొత్త టైర్లు కొన్నప్పుడు షాప్ వాళ్లు ముందు వేశారు. వినడానికి లాజిక్ కరెక్ట్‌గానే ఉంటుంది. ఇంజిన్ లాగేది ముందు చక్రాలతో, స్టీరింగ్ తిరిగేది ముందు, బ్రేక్ భారం ఎక్కువ పడేది ముందు. కాబట్టి మంచివి ముందు. నేనూ అలాగే చెప్పేవాణ్ని.

కానీ టైర్ కంపెనీలన్నీ చెప్పేది రివర్స్. రెండే మారిస్తే కొత్తవి వెనక వెయ్యాలి, పాతవాటిలో మంచివి ముందుకి తేవాలి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే. ఎందుకంటే, ముందు టైర్లు జారితే కారు తిరక్కుండా నేరుగా పోతుంది. మీకు స్టీరింగ్‌లో తెలిసిపోతుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మళ్లీ దారికి వస్తుంది. వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతుంది. దాన్ని సరిచేయడం రేసర్లకి వచ్చేమో గానీ మీకూ నాకూ రాదు. ఆ రోజు నేను సరిచేశానని చెప్పుకోను, అదృష్టం బాగుంది.

మా కారులో ముందు నాలుగేళ్ల మెత్తని రబ్బర్, వెనక ఎనిమిదేళ్ల ప్లాస్టిక్. బ్రేక్ కొడితే బరువంతా ముందుకి వచ్చి వెనక తేలికవుతుంది. ఆ తేలికైన వెనక భాగానికి పట్టు లేదు. అంతే, బగ్ దొరికింది. గుర్తుంచుకోండి, ఒకే ఇరుసుకి ఉన్న రెండు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, దాదాపు ఒకే వయసు ఉండాలి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి వద్దు.

గాలి తక్కువైతే ఏమవుతుంది?

వాన నీళ్లు రోడ్డు మీద నిలిచినప్పుడు టైర్ ఆ నీళ్లని గాట్లలోంచి బయటికి తోసెయ్యాలి. తోసే టైమ్ దొరక్కపోతే టైర్ నీళ్ల మీద తేలుతుంది. దీన్ని హైడ్రోప్లేనింగ్ అంటారు. 1963లో నాసా వాళ్లు విమానాల టైర్ల మీద పరిశోధన చేసి దీనికి ఒక సూత్రం ఇచ్చారు. టైర్ ప్రెషర్ వర్గమూలం పెరిగే కొద్దీ, తేలే వేగం పెరుగుతుంది. దాని ప్రకారం లెక్కేస్తే 33 పీఎస్‌ఐ దగ్గర సుమారు 96 కిలోమీటర్ల వేగం. అదే 26 దగ్గర సుమారు 85. విమానం టైర్‌కి చేసిన లెక్క కాబట్టి కారుకి అచ్చం అదే నంబర్ రాదు, అరిగిన టైర్ అయితే ఇంకా ముందే తేలొచ్చు. కానీ విషయం అర్థమైంది కదా. ఏడు పీఎస్‌ఐ గాలి మర్చిపోతే, దాదాపు పది కిలోమీటర్ల వేగం అంత భద్రత పోయింది. గాలికి మనం పెట్టే ఖర్చు ఎంత? దాదాపు సున్నా.

ఎస్‌యూవీ వాడేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన చరిత్ర ఒకటుంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ సుమారు 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఫ్యామిలీ ఎస్‌యూవీకి వేసినవి. హైవే మీద స్పీడ్‌లో ఉండగా టైర్ పై పొర ఊడిపోయి, బండి పల్టీ కొట్టేది. 200 మందికి పైగా చనిపోయారు. ఆ బండికి ఫోర్డ్ సూచించిన ప్రెషర్ ఎంతో తెలుసా? 26 పీఎస్‌ఐ. తర్వాత ఫైర్‌స్టోన్ 30 పెట్టాలని చెప్పింది. తప్పు టైర్‌దా బండిదా అని రెండు కంపెనీలూ చాలా కాలం కొట్టుకున్నాయి. టైర్ తయారీలోనే లోపాలున్నాయి, అది వేరే సంగతి. కానీ వేడి, వేగం, బరువు, తక్కువ గాలి కలిసినప్పుడు ఆ లోపం ప్రాణాల మీదకి వచ్చింది. ఆ తర్వాతే అమెరికాలో చట్టం మార్చి, కారే స్వయంగా గాలి తగ్గిందని హెచ్చరించే టీపీఎంఎస్‌ని తప్పనిసరి చేశారు.

ఇప్పుడు మన దగ్గరకి రండి. మే నెలలో రామగుండం ఎండ, కారు నిండా మనుషులు, డిక్కీ నిండా మామిడికాయలు, హైవే మీద వంద. పైగా మన దగ్గర ఒక నమ్మకం, "ఎండాకాలం కదా, గాలి కొంచెం తగ్గించి కొట్టు, లేకపోతే టైర్ పేలుద్ది" అని. ఇది తలకిందుల సలహా. గాలి తక్కువైతే టైర్ పక్క గోడ ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వంగితే ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడే టైర్‌ని చంపేది. టైర్ వేడెక్కినప్పుడు ప్రెషర్ కొంచెం పెరగడం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకునే స్టిక్కర్ మీద నంబర్ రాస్తారు. కాబట్టి పొద్దున్నే, బండి తీయకముందు, టైర్ చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. ఫుల్ లోడ్‌కి వేరే నంబర్ ఇచ్చి ఉంటే అది పెట్టండి. సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి. నైట్రోజన్ గురించి కూడా అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఊరికే ఇస్తే కొట్టించుకోండి. దాని కోసం గాలి చెక్ చేయడం మాత్రం మానకండి.

సైజు: పెద్దదైతే మంచిదేనా?

కుర్రాళ్లకి ఇక్కడే చెయ్యి దురద. "అన్నా, ఒక సైజు పెంచితే లుక్ వేరే లెవెల్." మా కారు టైర్ మీద 205/65 ఆర్16 95హెచ్ అని ఉంది. 205 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం పక్క గోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 16 అంటే లోపలి రిమ్ అంగుళాల్లో.

అందరూ వదిలేసేది ఆ చివరి 95హెచ్. 95 అనేది లోడ్ ఇండెక్స్. ఆ టైర్ ఒక్కటీ 690 కిలోల దాకా మోయగలదని అర్థం. 91 అయితే 615 కిలోలే. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది, టీ అంటే 190. మీరు ఎలాగూ 210లో వెళ్లరు, వెళ్లొద్దు కూడా. కానీ ఎక్కువ వేగం తట్టుకునేది అంటే ఎక్కువ వేడిని తట్టుకునేది అని. చౌకగా వస్తుందని కంపెనీ ఇచ్చిన లోడ్ ఇండెక్స్ కంటే తక్కువది ఎప్పుడూ తీసుకోకండి. ఎస్‌యూవీ కొన్నదే నిండా మనుషుల్ని, సామాన్నీ మోయడానికి.

సైజు పెంచితే? 205/65 బదులు అదే రిమ్ మీద 225/65 వేస్తే టైర్ మొత్తం ఎత్తు దాదాపు 4 శాతం పెరుగుతుంది. మీటర్ 100 చూపిస్తుంటే, ముందు కంటే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వేగంలో ఉంటారు. పికప్ తగ్గుతుంది, మైలేజ్ తగ్గుతుంది, కొన్నిసార్లు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటుంది. డోర్ స్టిక్కర్ మీద ఉన్న సైజే వేయండి. నాకు ఇందులో ఇంకో అభిప్రాయం లేదు.

ఏ రకం టైర్?

ఎస్‌యూవీ టైర్లలో హెచ్/టీ, ఏ/టీ, ఎం/టీ అని ఉంటాయి. హైవే, ఆల్ టెరైన్, మడ్. ఏ/టీ టైర్ చూడ్డానికి భలే ఉంటుంది, పెద్ద పెద్ద దిమ్మెలతో. పొలం దారిలో, రాళ్లలో రోజూ తిరిగేవాళ్లకి అది పనికొస్తుంది. కానీ తారు రోడ్డు మీద శబ్దం ఎక్కువ, మైలేజ్ తక్కువ, తడి రోడ్డు మీద బ్రేకింగ్ సాధారణంగా హైవే టైర్ అంత బాగుండదు. నేను నాన్నని అడిగా, "మనం మట్టి దారిలో ఎప్పుడు వెళ్లాం?" "తిరునాళ్లకి." ఏడాదికి ఒక్కరోజు. మిగతా 364 రోజులు తారు, సిమెంట్ రోడ్డే. హైవే టైర్ ఫిక్స్.

చాలా టైర్ల మీద ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అని మూడు రేటింగ్‌లు అచ్చేసి ఉంటాయి. ట్రెడ్‌వేర్ నంబర్ ఎక్కువైతే ఎక్కువ కాలం మన్నుతుందని కంపెనీ లెక్క. ఒక కంపెనీ నంబర్‌ని ఇంకో కంపెనీ నంబర్‌తో పోల్చకండి, అది కచ్చితంగా కుదరదు. ట్రాక్షన్ అంటే తడి రోడ్డు మీద నేరుగా బ్రేక్ పట్టు, ఏఏ అన్నిటికంటే మంచిది, తర్వాత ఏ, బీ, సీ. టెంపరేచర్ అంటే వేడిని తట్టుకోవడం, ఏ మంచిది. షాప్‌లో అందరూ మొదట అడిగేది "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అని. మా లెక్క చూడండి. ఏడాదికి ఏడు వేలు తిరిగే కారుకి, ఆరేళ్లలో 42 వేలు. 80 వేలు వచ్చే గట్టి టైర్ కొని ఏం చేసుకోను? సగం గ్రిప్పు మిగిలి ఉండగానే ముసలిదైపోతుంది. అందుకే తక్కువ తిరిగేవాళ్లు మన్నికకి కాదు, తడి పట్టుకి డబ్బులు పెట్టాలి. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకి మన్నిక కూడా ముఖ్యమే. మీ తిరుగుడు లెక్క వేసుకున్నాకే షాప్‌కి వెళ్లండి.

మన దేశంలో 2022లో కేంద్ర రవాణా శాఖ టైర్లకి తడి పట్టు, దొర్లే నిరోధం, శబ్దం, ఈ మూడింటిలో కనీస ప్రమాణాలు తెచ్చింది. ఏసీకి, ఫ్రిజ్‌కి ఉన్నట్టు టైర్లకీ బీఈఈ స్టార్ లేబుల్ వచ్చింది. స్టార్లు ప్రధానంగా ఇంధనం ఆదా కోసం అని గుర్తు పెట్టుకోండి. స్టార్ ఒక్కటే చూసి కొనేయొద్దు.

షాప్‌లో

మా ఇంట్లో అసలు గొడవ డబ్బు దగ్గర. నాన్న బడ్జెట్ రెండు టైర్లకి 12 వేలు. నేను చెప్పింది మూడు టైర్లు, వెనకకి రెండు, స్టెప్నీకి ఒకటి, ఒక్కోటి ఎనిమిదిన్నర వేలు. మొత్తం 25,500. తేడా 13,500. పెన్షన్ మీద బతికే మనిషికి అది చిన్న మొత్తం కాదు. నేను ఇస్తానంటే నాన్న ఊరుకోడు. అప్పుడు ఐదేళ్ల మీద పంచి చూపించా. నెలకి 225 రూపాయలు. "నా ఓటీటీ రీచార్జ్ అంత" అన్నా. ఆయన దానికీ ఒప్పుకోలేదు. అమ్మ వంటింట్లోంచి ఒకే మాట అంది. "ఆ రోజు వెనక సీట్లో పిల్లాణ్ని ఎత్తుకుని కూర్చున్నది నేను." ఇంక చర్చ అయిపోయింది.

నాన్న ఒక్క షరతు పెట్టాడు. పేపర్‌లో చదివాడు, సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గుతుందని. "అప్పటిదాకా కారు ఊరు దాటదు" అన్నాడు. అలాగే ఉంచాడు. దసరా అయ్యాక వెళ్లాం.

షాప్ అతను ఒక టైర్ చూపించి, "సార్, ఇది మీద వెయ్యి తగ్గిస్తా, కొత్తదే" అన్నాడు. నేను నోరు తెరిచే లోపే నాన్న కింద కూర్చుని, ఫోన్ టార్చ్ వేసి, సైడ్‌వాల్ తుడిచి చదివాడు. "నలభై, ఇరవై రెండు. అంటే 2022 అక్టోబర్. మూడేళ్లు." "వాడలేదు కదా సార్, స్టాక్‌లోదే." "నువ్వు వాడలేదు, ఎండ వాడింది. వేరేది తియ్యి." నేను పక్కకి తిరిగి నవ్వుకున్నా.

మన దగ్గరే టైర్లు తయారవుతాయి. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ ఉంది, చిన్నపండూరులో అపోలో ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడ మామూలుగా అమ్ముడుపోయే సైజు అయితే ఆరు నెలల లోపుది అడిగితే దొరుకుతుంది. ఈ రోజు లేదంటే "తెప్పించండి, రెండు రోజులాగి వస్తాం" అనండి. బిల్లు తీసుకోండి, వారంటీకి అదే ఆధారం, జీఎస్టీ 18 శాతమే పడిందో లేదో కూడా చూడండి. కొత్త వాల్వ్, వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ధరలో కలిసే ఉన్నాయా, విడిగానా అని ముందే అడగండి. అలైన్‌మెంట్ వదిలేస్తే కొత్త టైర్ ఒక పక్కే తినేస్తుంది. పంక్చర్ గురించి ఒక్క మాట. మధ్యలో, గ్రిప్పు భాగంలో మేకు దిగితే రిపేర్ చేయొచ్చు. పక్క గోడకి దెబ్బ తగిలినా, బుడగలా ఉబ్బినా ఆ టైర్ పని అయిపోయినట్టే. అతుకు వేసి హైవే ఎక్కొద్దు.

కొత్త రెండూ వెనక వేయించాం. పాత మూడూ అక్కడే వదిలేశాం. షాప్ కుర్రాడు "స్టెప్నీ కొత్తగా ఉంది కదా అంకుల్, ఎవరికైనా అమ్మేయొచ్చు" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "నా పిల్లలకి వద్దన్నది ఇంకొకళ్ల పిల్లలకి ఎందుకు?" అని, ఆ టైర్ పక్క గోడని అక్కడే బ్లేడుతో కోయించాడు, ఎవరూ వాడకుండా.

మొదటి వంద, రెండొందల కిలోమీటర్లు మెల్లగా నడపండి, కొత్త టైర్ పైపొర కొంచెం జారుడుగా ఉంటుంది. ఆ తర్వాత నవంబర్‌లో మళ్లీ అదే దారిలో ఖమ్మం వెళ్లాం. వాన లేదు. అయినా ఆ వంపు దగ్గర నేను 60కి తగ్గించా. టైర్లు కొత్తవైనంత మాత్రాన నా వేగం తప్పు కాకుండా పోదు. పక్క సీట్లో నాన్న ఏం అనలేదు, తల ఊపాడు.

మీకు ఇవాళ ఒకే ఒక్క పని ఇస్తున్నా. ఈ వీడియో ఆపి, ఫోన్ టార్చ్ తీసుకుని, ఇంట్లో కారు దగ్గరకి వెళ్లండి. నాలుగు టైర్లు, డిక్కీలో ఐదోది, ఐదింటి మీదా చివరి నాలుగు అంకెలు చదవండి. ఐదు నిమిషాల పని. ఇంట్లో పెద్దవాళ్లు "గ్రిప్పు ఉంది కదా" అంటే వాదించకండి. ఏడాదికి ఎంత తిరుగుతుందో లెక్క అడగండి. లెక్క వాళ్లే వేసుకుంటారు.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి. ఉంటా మరి.